ఈ వారం సమస్య: తోక తిరుగకున్న తూలు శిరము

నిర్వాహకుడు, విజయనగరం
మొన్న సాయంత్రం అయోధ్య మైదానంలో మా మేనల్లుడు రిమోట్ హెలికాప్టర్ లేపాడు. మోకాలెత్తు లేచిందో లేదో, బొంగరంలా గిరగిరా తిరిగి బోర్లా పడింది. తీరా చూస్తే తోక పంకాకి గడ్డిపోచ చుట్టుకుని ఉంది. ఈ పాదం అక్కడే పుట్టింది. ఇది ఆటవెలదిలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

తోక తిరుగకున్న తూలు శిరము

పిల్లులూ పాములూ వద్దు, హెలికాప్టరే కావాలి. కొత్తవాడు ఏది కొనాలో కూడా పద్యంలో తేలితే మరీ మంచిది. ఇంకోటి కొనమని వాడు నా ప్రాణం తోడేస్తున్నాడు.

బొబ్బిలి మాస్టారు
పైన రెక్క కుడికి పరుగెత్తు వేగాన
బొమ్మ యెడమవైపు పోవఁ జూచు
దాని నాపఁ దోకఁ దగిలించి రొక రెక్క
తోక తిరుగకున్న తూలు శిరము

నిర్వాహకుడు
యతులు శుభ్రం. మూడు పాదాల్లో యంత్రం గుట్టంతా విప్పేశారు. కానీ మాస్టారూ, పద్యం పట్టుకుని బొమ్మల కొట్టుకి వెళ్తే ఏది అడగాలో తెలియదు. క్లాసులో కూచున్నట్టుంది.

రాజాం నుంచి ఒక బావ
ఏటి బావా, "తూలు" సరిపోదు కదా? ఒళ్ళంతా గిర్రున తిరిగిపోద్ది.

నిర్వాహకుడు
నిజమే. "తిరుగు" వేద్దామంటే తో-కి తి-కి యతి పొసగలేదు. నీ పూరణ ఏదీ?

రాజాం బావ
నా సొంత గోడు:

వేలు పోసి యారు చానళ్ళ బొమ్మను
కొన్న రోజె దాని కూల్చినాను
నేర్పు లేనివాఁడ నిలువునా మునిగితి
తోక తిరుగకున్న తూలు శిరము

బొబ్బిలి మాస్టారు
మొదటి పాదంలో యతి తప్పింది, వే-కి చా ఎలా కుదురుతుంది? "చాల పోసి యారు చానళ్ళ" అనండి, సరి. చివర తూలిన శిరం బొమ్మదా, బిల్లు చూసిన మీదా? రెండర్థాలూ పలకడం మాత్రం నాకు నచ్చింది.
అయినా ఆరు చానళ్ళది, అంటే రిమోట్‌లో ఆరు విడివిడి అదుపులున్నది, మొదటి రోజే ఎందుకు ముట్టుకున్నారు? దాంట్లో రెక్కల వాలు కూడా మారుతుంది, తలకిందులుగా కూడా ఎగురుతుంది. కొత్తచేతికి అందదు. మొదటిసారే పైడితల్లి జాతరలో ఎత్తున ఊగే సిరిమాను కొసన కూచుంటానన్నట్టుంది. రిమోట్‌ని కంప్యూటర్‌కి తగిలించి సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద ఉత్తుత్తి హెలికాప్టర్‌ని, నెల్లాళ్ళు కూలిస్తే పైసా పోదు. అదొదిలేసి నిజం బొమ్మని కూలిస్తే రెక్కలు, ఇరుసు, పళ్ళచక్రం, ఒక్కోటీ విడిగా కొనుక్కోవాలి.

రాజాం బావ
అవన్నీ కొన్నాను మాస్టారూ. బ్యాటరీ కూడా ఉబ్బిపోయింది.

నిర్వాహకుడు
ఉబ్బిన లిథియం పాలిమర్ బ్యాటరీని మళ్ళీ ఛార్జింగ్ పెట్టకు బావా, నిప్పంటుకోవచ్చు. పద్యం సంగతి తర్వాత.

శ్రీకాకుళం నుంచి ఒక అక్క
రెండు రెక్క లెదురు రీతులఁ దిరుగంగ
తోక పనియె లేదు తొలుత నేర్వ
ఒక్క రెక్కదైన నూరకే తాకకు
తోక తిరుగకున్న తూలు శిరము

మా అబ్బాయికి ఇలాంటిదే కొన్నాం. ఒకదాని మీద ఒకటి రెండు పంకాలు, ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకదాని విసురుని రెండోది చంపేస్తుంది. దిక్కు తిప్పే మీట వదిలినా ఒరిగిపోకుండా దానంతటదే నిలదొక్కుకుంటుంది. కాకపోతే గాలికి ఆగదు. మేం హాల్లోనే ఎగరేస్తాం, మేడ మీదకి తీసుకెళ్తే నాగావళి ఏటి గాలికి కొట్టుకుపోతుంది. చవకవాటిలో టీవీ రిమోట్‌లా కంటికి కనపడని వెలుగుతో పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ ఉంటే ఎండలో మాట వినదు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్ అయితే ఆ బెడద లేదు.

నిర్వాహకుడు
ఇదీ పూరణ! ఎవరికేది తగునో మూడు పాదాల్లో వచ్చేసింది. "ఊరకే తాకకు" మన ఇంట్లో అమ్మమ్మ కసిరినట్టుంది.

బొబ్బిలి మాస్టారు
పద్యం బాగుంది గానీ అమ్మా, "తోక పనియె లేదు" అనడం అతి. ఆ రెండు పంకాల బొమ్మల్లో చాలావాటికి తోకలో ఒక బుల్లి పంకా పడుకుని ఉంటుంది. ముందుకూ వెనక్కూ నడిపేది అదే. అది ఆగినా బొమ్మ తిరగదు, ఉన్నచోటే నిలబడుతుంది.

శ్రీకాకుళం అక్క
సరే మాస్టారూ, "తోక భయము లేదు తొలుత నేర్వ". గణాలు చూడండి.

బొబ్బిలి మాస్టారు
సరిపోయాయి. ఇప్పుడు నిజం కూడా.

రాజాం బావ
అక్కా, ఆ బొమ్మ ఎంతకు కొన్నారు?