మతిమరుపు జబ్బున్న అమ్మకి ట్యాబ్ కొనిస్తే ఉపయోగం ఉంటుందా?

టంగుటూరు అబ్బాయి:
మా అమ్మకి 74 ఏళ్లు. రెండేళ్ల కిందట ఒంగోల్లో చూపిస్తే అల్జీమర్స్ అన్నారు. నేను బెంగళూరులో ఉంటా, అమ్మ ఊళ్లో అన్నయ్య వాళ్ల దగ్గర ఉంది. పగలంతా టీవీ ముందే. వార్తల్లో అరుచుకోవడం మొదలైతే చాలు, ఎవరో ఇంట్లోకొచ్చి కొట్టుకుంటున్నారు, తలుపెయ్యండి అని వణికిపోతోంది. మెదడుకి పని చెప్పే గేమ్స్ ఉంటాయి కదా, అవి వేసిన ట్యాబ్ పంపిద్దామనుకుంటున్నా. ఎవరన్నా వాడారా? వదిన ఒక్కతే చూసుకోలేక అలిసిపోతోంది, నాకేమో ఇక్కడ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కావలి కోడలు:
తమ్ముడూ, ముందు ఆ వార్తల ఛానల్ కట్టేయమని చెప్పు. మా మామయ్యని ఆరేళ్లు చూసుకున్నా. మేమూ ట్యాబ్ కొన్నాం. గేమ్‌లో తప్పు నొక్కినప్పుడల్లా ఎర్ర గుర్తు పడి టింగుమనేది, మూడో రోజుకి ఆయన దాన్ని బోర్లించి పక్కకి నెట్టేశారు. ఆ వయసులో పరీక్ష పెట్టి తప్పులు చూపిస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

అదే ట్యాబ్‌లో పద్యనాటకాలు పెట్టాక మనిషే మారిపోయారు. మనవడి పేరు గుర్తులేని మనిషి పద్యం చివరి మాట తనే అందుకుని, చెయ్యి గాల్లో తిప్పుతూ రాగం తీసేవారు. మధ్యలో ప్రకటనలొస్తే ఉలిక్కిపడుతున్నారని అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చిన్న స్పీకర్‌కి పెట్టాం. అమ్మకి చెవులు కూడా ఒకసారి చూపించండి. మా మామయ్యకి గుబిలి తీయించాక సగం చిరాకు తగ్గింది.

నెల్లూరు సిస్టర్:
నేను నర్సుని. ఈ జబ్బులో కొత్త విషయాలు ముందు పోతాయి, చిన్నప్పటి పాటలు, చేతికి అలవాటైన పనులు చాలాకాలం నిలుస్తాయి. అందుకే గేమ్ కన్నా పద్యం పనిచేసింది. జపాన్‌లో పారో అని సీల్ పిల్లలాంటి రోబో చేశారు, నిమిరితే కదులుతుంది, కూస్తుంది, అది ఒళ్లో ఉంటే కొందరు కుదుటపడతారు. మనం కొనగలిగిన ఖరీదు కాదులెండి, కానీ అక్కడ పనిచేసేది చేతికి తగిలే ఆ మెత్తదనం, ఇంట్లో పాత చీర ఒళ్లో పెట్టినా కొంతమంది నిమురుతూ కూర్చుంటారు.

జబ్బు మొదటి, మధ్య దశల్లో ఉన్నవాళ్లకి వారానికి రెండుసార్లు చొప్పున 14 సార్లు గుంపుగా కూర్చోబెట్టి కబుర్లు, పాటలు, ఆటలతో నడిపే పద్ధతి ఒకటుంది. ఇంగ్లండ్‌లో తయారైంది, చెన్నైలో తమిళానికి మార్చి చేశారు. జబ్బు నయం కాదు, మనిషి కొంచెం చురుగ్గా ఉంటారు. వీడియో కాల్‌లో మాత్రం 'నేనెవరో చెప్పు' అని అడగకండి, మీరే పేరు చెప్పుకోండి. వదినకి సలహా కావాలంటే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఇంతకీ అమ్మగారు ఏం పని చేసేవారు?

టంగుటూరు అబ్బాయి:
సిస్టర్, మా అమ్మ 30 ఏళ్లు పొగాకు గ్రేడింగ్‌కి, అంటే ఆకుల్ని రంగును బట్టి వేరుచేసే పనికి వెళ్లింది. మీరడిగేదాకా నాకు తట్టనే లేదు. వదినతో చెబితే జాకెట్ గుడ్డల ముక్కలు ఒక గంపలో వేసి ముందు పెట్టింది, వీడియో కాల్‌లో నేనూ చూస్తున్నా. కాసేపు ఊరికే చూసింది. తర్వాత ఒక ముక్క తీసి బొటనవేలితో అంచు సాపు చేసి, వెలుతురుకి పెట్టి చూసి, నిమ్మపండు రంగువి ఒక పక్క, ముదురువి ఒక పక్క, కొసలన్నీ సమానంగా సర్దుతూ పోయింది. నలభై నిమిషాలు. పూల డిజైన్ ముక్క చేతికొస్తే వదిన వైపు చూసి, 'ఇది మచ్చాకు అమ్మాయ్, ఇందులో కలపమాక' అంది.

ట్యాబ్ మానుకున్నా. కావలి అక్కా, ఆ స్పీకర్ పెద్దవాళ్లు ఆన్ చేసుకోవడానికి తేలిగ్గానే ఉంటుందా?