43 అంగుళాల టీవీకి 4కె డిస్కులు దండగేనా?

సోఫామూల:
మాది 43 అంగుళాల 4కె టీవీ. సోఫా పది అడుగుల దూరంలో ఉంటుంది. డీవీడీలు అటకెక్కించి బ్లూ-రే ప్లేయర్ కొందామంటే, తెలిసినవాళ్లంతా 4కెదే తీసుకోమంటున్నారు. మామూలుగా సినిమా చూసేవాళ్లకి అంత తేడా తెలుస్తుందా?

పాతరిమోటు:
అంత దూరం నుంచి తెలియదండీ. డీవీడీలో నిలువునా ఉండేది 480 లేదా 576 గీతలు, బ్లూ-రేలో 1080. ఈ తేడా ఎవరికైనా ఆనుతుంది. గుంపులో వెనకాల నిలబడ్డ మనిషి డీవీడీలో మసక, బ్లూ-రేలో కళ్లూ ముక్కూ ఉన్న మనిషి. ఆపైన 4కెలో ఉండే 2160 గీతల వివరం మీ తెర మీద పట్టుకోవాలంటే ఐదారు అడుగుల్లోకి జరగాలి. సోఫా జరుపుతారా?

అయితే రంగుల సంగతి వేరు. హెచ్‌డీఆర్ (వెలుగుకీ చీకటికీ మధ్య తేడాని ఎక్కువగా చూపే పద్ధతి) ఉన్న డిస్కులో కిటికీ ముందు కూర్చున్నవాడి ముఖమూ, బయటి మబ్బులూ రెండూ కనిపిస్తాయి. టీవీకి తగినంత వెలుగు లేకపోతే మాత్రం అదే సీను మరీ చీకటైపోతుంది.

చీకటిగది:
స్ట్రీమింగ్‌లో 4కె అన్నా సెకనుకి వచ్చే డేటా సుమారు 15–25 మెగాబిట్లే. 1080 బ్లూ-రే వీడియో 40 దాకా వెళ్తుంది, 4కె డిస్కు 100 దాటగలదు. పొగ, వాన సీన్లు పెట్టి చూడండి, డేటా చాలక చారలూ గళ్లూ ఎక్కడ వస్తాయో తెలుస్తుంది.

సోఫామూల:
మరి శబ్దం?

పాతరిమోటు:
టీవీ స్పీకర్లతోనే వింటే డిస్కులోని లాస్‌లెస్ (నాణ్యత తగ్గించకుండా దాచిన) ఆడియో వృథా. మామూలు బ్లూ-రే ప్లేయర్ కొని, మిగిలింది సౌండ్‌బార్‌కి పెట్టండి.