బీటిల్స్ 1966లో కచేరీలు ఎందుకు మానేశారు?

శ్రీకాకుళం గిటారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు గిటారు సాధన చేస్తున్నాను. ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ (లెనన్, పాల్, జార్జి, రింగో) 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కు స్టేడియంలో కచేరీ చేసి, ఆ తర్వాత టికెట్ కచేరీలు పూర్తిగా ఆపేశారని చదివాను. అప్పటికి వాళ్లలో పెద్దవాడు రింగోకు 26 ఏళ్లే. మా మావయ్య చాలాకాలం ఆర్కెస్ట్రాలో పాడారు. "జనం మోసి పైకి తెస్తే ఆ జనానికే మొహం చాటేశారు, అది పొగరు" అంటారు. నాకు అలా అనిపించడం లేదు. కానీ ఎదురు చెప్పడానికి ఆధారం లేదు. వేదిక సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి పాఠకుడు

పొగరు కాదు, ప్రాణభయం ఉంది. ఆ ఒక్క వేసవి చూడండి. టోక్యోలో యుద్ధవిద్యల కోసం కట్టిన బుడోకాన్ మందిరంలో వాయించవద్దని బెదిరింపులు వస్తే వేలమంది పోలీసుల కాపలాలో వాయించారు. మనీలాలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ విందుకు వెళ్లలేదని భద్రత తీసేశారు. విమానాశ్రయంలో వాళ్ల మనుషుల్ని నెట్టారు, కొట్టారు. ఆగస్టులో అమెరికా వెళ్తే, క్రీస్తు కంటే తమకే ఎక్కువ ఆదరణ ఉందని లెనన్ అన్న మాటకు ఊళ్లలో రికార్డులు తగలబెట్టారు. 19వ తేదీన మెంఫిస్ కచేరీలో టపాసు పేలితే, తమలో ఎవరికి తూటా తగిలిందోనని ఒకరినొకరు చూసుకున్నారు. ఆ స్థితిలో పాట పాడమంటే ఎవరు పాడగలరు?

ఆమదాలవలస మైకుసెట్టు

బాబూ, మీ మావయ్యకు నా నమస్కారం చెప్పు. ఆయన పాడినవారు కాబట్టి ఒక్కటి అడుగు: తన గొంతు తనకు వినపడకుండా అరగంట పాడగలరా?

జీవితమంతా మైకుసెట్టు పెట్టినవాణ్ణి. ఆర్కెస్ట్రా వాళ్లు వేదిక ఎక్కగానే ముందు అడిగేది, తమ వైపు తిరిగి ఉండే మానిటర్ బాక్సు. అది లేకపోతే గాయకుడు శ్రుతి పట్టుకోలేక గొంతు పెంచుతాడు, రెండు పాటలకే బొంగురుపోతుంది. బీటిల్స్‌కు ఆ బాక్సులు లేవు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల పైచిలుకు జనం, ఒకటే కేకలు. వాళ్ల గిటార్ల కోసం వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా చేసిచ్చిన యాంప్లిఫయర్లు 100 వాట్లవి. గొంతులు వెళ్లింది ఆ మైదానంలో ఆట ప్రకటనలు చేసే స్పీకర్లలోంచే! ఇప్పుడు మా ఊళ్లో పెళ్లి ఊరేగింపుకు వచ్చే డీజే బండి కూడా దానికి ఎన్నో రెట్లు మోగుతుంది. వెనకాల డ్రమ్ములు వాయించే రింగో, ముందున్న ముగ్గురి తలలు, నడుములు, కాళ్లు ఎలా ఊగుతున్నాయో చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడు. వాద్యకారుడికి ఇంతకంటే అవమానం నాకు తెలిసి లేదు.

వీళ్లు కష్టానికి వెనుదీసేవాళ్లు కారు. పేరు రాకముందు జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించి రాటుదేలారు. అలాంటివాళ్లు, వాయించేకొద్దీ తమ చేయి చెడిపోతోందని గుర్తించారు. తప్పు వాయించినా అదే కేక, బాగా వాయించినా అదే కేక. ఇక సాధన ఎవరికోసం?

1966 ఆగస్టు 5న 'రివాల్వర్' ఆల్బమ్ వచ్చింది. అదే నెల అమెరికా కచేరీల్లో అందులోంచి ఒక్క పాటా వాయించలేదు. స్టూడియోలో కట్టిన ఆ పాటల్ని ఆ వేదికల మీద నిలబెట్టడం సాధ్యం కాదు.

21వ తేదీన సెయింట్ లూయిస్‌లో వాన. వేదిక మీద ఏదో తాత్కాలిక కప్పు, కింద కరెంటు తీగలు. తడి వేదిక మీద మైకు పట్టుకున్నవాడికి షాకు కొడితే ఏమవుతుందో మాకు తెలుసు. అలాంటి రోజు నేనైతే మెయిన్ తీసేస్తాను, కమిటీవాళ్లు ఎంత అరిచినా సరే. అక్కడ తీయలేదు. అంతవరకు టూర్లు కావాలన్న పాల్ కూడా ఆ రాత్రే చాలన్నాడు.

విజయనగరం వీణ టీచరు

మాస్టారూ, మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను. కానీ ఈ కథ ఎక్కడ విన్నా చివరికి తప్పు కేకలు పెట్టిన ఆడపిల్లల మీదికే వస్తుంది. అదే నాకు బాధ. జార్జికి జెల్లీ మిఠాయిలు ఇష్టమని తెలిసి విసిరారు. మా పైడితల్లి జాతరలో సిరిమాను మీద పూజారికి జనం అరటిపళ్లు విసరడం లేదా? పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు మొదటిసారి ఇంటి బయట గొంతెత్తారు, అది పిచ్చి కాదు. పాట వినపడే ఏర్పాటు లేని మైదానానికి అన్ని వేల టికెట్లు అమ్మినవాళ్లను అడగండి. 1964 జూన్‌లో గొంతువాపుతో రింగో ఆసుపత్రిలో ఉంటే, టూరు ఆపకుండా జిమ్మీ నికల్ అనే మరో డ్రమ్మర్ని కూర్చోబెట్టి డెన్మార్క్ తీసుకెళ్లారు. జార్జి వద్దన్నా వినలేదు. ఆ నిర్ణయం ఏ అభిమాని చేసింది?

ఆమదాలవలస మైకుసెట్టు

అమ్మా, న్యాయంగా అన్నారు. సౌండు సరిపోని చోట జనాన్ని తిట్టకూడదు. ఆ పిల్లలు డబ్బిచ్చి వచ్చారు, వాళ్లకూ పాట దక్కలేదు.

శ్రీకాకుళం గిటారు

మావయ్యకు అన్నీ చదివి వినిపించాను. పొగరు అన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ, సెయింట్ లూయిస్ వాన సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. ఆ 100 వాట్ల కంటే ముందు వాళ్ల దగ్గర ఏముండేదని అడుగుతున్నారు.

ఆమదాలవలస మైకుసెట్టు

మొదట వాక్స్ 30 వాట్లవి, తర్వాత 50, ఆపైన 100. చిన్న హాలుకు 30 బ్రహ్మాండం. కావాలంటే లాస్ ఏంజెలెస్‌లోని ఆరుబయలు వేదిక హాలీవుడ్ బౌల్‌లో 1964, 65లలో రికార్డు చేసి 1977లో విడుదల చేసిన ఆల్బమ్ వినిపించు. ఆ కేకల కింద ముగ్గురి గొంతులు శ్రుతిలో ఎలా నిలబడ్డాయో ఆయనే చెబుతారు.