స్టోరీబోర్డ్ పేపర్ మీదా, సాఫ్ట్‌వేర్‌లోనా?

పానగల్లు_ఫ్రేమ్: 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్, 84 షాట్లు. ఛాయా సోమేశ్వర గుడిలో, ఉదయసముద్రం కట్ట మీద రెండు రోజుల షూటింగ్. స్టోరీబోర్డు, అంటే ఒక్కో షాట్‌కి ముందే గీసుకునే బొమ్మలు, చేత్తో గీయాలా, సాఫ్ట్‌వేర్‌లో చేయాలా? డబ్బు పెట్టే మా మామకు ఏది చూపిస్తే అర్థమవుతుంది?

పాలమూరు_పెన్సిల్: పేపరే. ముందు డబ్బా కొలత, అంటే ఫ్రేమ్ వెడల్పు-ఎత్తుల లెక్క, తేల్చుకో తమ్ముడూ. పిల్లలమర్రి దగ్గర తీసిన పాటకి అన్నీ 16:9లో గీశాను. కెమెరామన్ స్కోప్ అన్నాడు, అంటే ఇంకా వెడల్పైన 2.39:1 ఫ్రేమ్. 12 సెంటీమీటర్ల వెడల్పుకి 16:9లో ఎత్తు 6.75, 2.39లో 5 మాత్రమే. ఊడల కింద అమ్మాయి, పైన కొమ్మ ఒకే ఫ్రేమ్‌లో గీసుకున్నా. స్పాట్‌లో కొమ్మ ఎగిరిపోయింది. వెనక్కి జరుగుదామంటే ఫెన్సింగ్.

మిర్యాలగూడ_కట్స్: కొలత తర్వాత, లైన్ ముందు. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహించుకునే గీత అది, కెమెరా దాన్ని దాటకూడదు. నా దగ్గరికి ఎడిటింగ్‌కి వచ్చిన ఒక సీన్‌లో తండ్రీ కుడికే చూస్తాడు, కొడుకూ కుడికే చూస్తాడు. ఇద్దరూ మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంది. బోర్డులోనే అట్లా గీశారు, ఒక్కరూ పట్టుకోలేదు. షాట్ ఫ్లిప్ చేస్తే కొడుకు చొక్కా జేబు అటుపక్కకి వచ్చింది.

దేవరకొండ_డైరెక్టర్: ఇంకా ఆ గీత దాటొద్దనే 180 డిగ్రీల రూలేనా? జపాన్ దర్శకుడు ఓజు సినిమా సినిమాకీ దాటాడు.

మిర్యాలగూడ_కట్స్: ఓజు తెలిసి దాటాడు. ఎదురెదురు మనుషుల్ని ఒకే సైజులో, ఒకే ఎత్తులో పెట్టి దాటాడు. మీ బోర్డు ఒకటి పెట్టండి, చూద్దాం.

దేవరకొండ_డైరెక్టర్: 11 ఏళ్లుగా కో-డైరెక్టర్‌ని. నీకు పరీక్ష రాయాల్సిన అవసరం లేదు.

మిర్యాలగూడ_కట్స్: ఎన్నేళ్ల అనుభవమైనా చూపులు కలవకపోతే కట్ కుదరదు. రాత్రంతా టేబుల్ దగ్గర కూర్చునేది మేము.

సూర్యాపేట_యానిమేటర్: ఆగండన్నా ఇద్దరూ. ప్రతి సీన్ పక్కన పైనుంచి చూసినట్టు చిన్న ప్లాన్ గీసి, ఇద్దరి మధ్య గీత కొట్టండి. కెమెరాలన్నీ ఒకే పక్కన ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. నేనైతే స్టోరీబోర్డర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతా, ఉచితం. ఒక్కో బొమ్మకి సెకన్లు ఇచ్చి ప్లే చేసుకోవచ్చు. 3 నిమిషాలనుకున్న నా కథ అట్లా చూస్తేనే 5 నిమిషాలని తేలింది. బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్‌లో కూడా 5.0 వెర్షన్ నుంచి స్టోరీబోర్డ్ ప్యానెల్ ఉంది.

పాలమూరు_పెన్సిల్: మే నెల ఎండలో ట్యాబ్ స్క్రీన్ కనపడుతుందా? నేను అట్టకి క్లిప్ పెట్టి తిరుగుతా. అయిన షాట్‌కి ఎర్ర పెన్నుతో అడ్డగీత. లైట్‌బాయ్‌కి కూడా ఇంకా ఎన్ని మిగిలాయో తెలుస్తుంది.

నాగర్‌కర్నూల్_లైట్: గుడి సంగతి ఎవరూ అడగరేం? గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా కదలదు, ఆ గుడి పేరే దాని మీద వచ్చింది. మండపంలో వెలుతురు మాత్రం గంట గంటకీ మారుతుంది. మండపం షాట్లన్నీ ఒకే పూటకి పెట్టుకో, బోర్డు మీదే టైమ్ రాసుకో. పర్మిషన్ ఉందా?

పానగల్లు_ఫ్రేమ్: దరఖాస్తు పెట్టానన్నా. ప్లాన్ గీసి చూస్తే కట్ట సీన్‌లో 34వ షాట్ గీతకి అవతల పడింది. మార్చేస్తున్నా. మామ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

దేవరకొండ_డైరెక్టర్: ఆగు, మార్చకు. అంతకు ముందు కొడుకు లేచి తండ్రి అటుపక్కకి నడుస్తాడా?

పానగల్లు_ఫ్రేమ్: అవునన్నా, నడుస్తాడు.

దేవరకొండ_డైరెక్టర్: అయితే గీత వాడితోపాటే మారింది. నీ 34 కరెక్టే.

మిర్యాలగూడ_కట్స్: ఒప్పుకుంటా. కానీ ఆ నడక ఫ్రేమ్‌లో కనపడాలి. 33లో గీశావా?