షిట్జూ కుక్కపిల్లకి మొదటి గ్రూమింగ్ ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న: మా షిట్జూ పిల్లకి 13 వారాలండీ. జుట్టు కళ్లలో పడుతోంది, చెవుల వెనక ఉండలు కడుతోంది. దువ్వెన చూస్తే చాలు, కొరకడానికి వస్తోంది. టీకాలు ఇంకొకటి మిగిలింది. గ్రూమింగ్‌కి ఇప్పుడే తీసుకెళ్లొచ్చా? ఎండలు కదా, గుండు చేయించేయమంటున్నారు మా అత్తగారు.

జవాబు: కుక్కపిల్ల టీకాలన్నీ పూర్తయ్యేదాకా వద్దండీ. పది కుక్కలు వచ్చిపోయే చోట పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం ఉంటుంది. ఆఖరి డోసు తర్వాత ఎన్నాళ్లు ఆగాలో మీ డాక్టరుగారిని అడగండి. ఈలోపు ఇంట్లో చేయాల్సింది చాలా ఉంది.

మా మొదటి కుక్కపిల్లని ఏ అలవాటూ చేయకుండా తీసుకెళ్లి అప్పజెప్పి వచ్చేశాను. రెండు గంటల తర్వాత వెళ్తే తోక కాళ్ల మధ్య దోపుకుని గజగజ వణుకుతోంది. ఆ తర్వాత చాన్నాళ్లు మిక్సీ వేసినా మంచం కిందికి దూరేది. కత్తెర కంటే జుట్టు ఆరబెట్టే బ్లోయర్ హోరుకే ఎక్కువ బెదిరింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

అందుకని రోజూ రెండు నిమిషాలు పాదం పట్టుకోండి, ఒక్కో వేలూ మెల్లగా నొక్కండి, చెవి ఎత్తి చూడండి. పట్టుకున్న ప్రతిసారీ ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ పక్క గదిలో వేసి ఇక్కడ అన్నం పెట్టండి. తింటుంటే రోజుకో అడుగు దగ్గరికి తేవచ్చు. తినడం ఆపిందంటే మీరు తొందరపడ్డట్టే, మళ్లీ దూరం జరపండి.

ఉండలు స్నానానికి ముందే విప్పాలి, తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి. కుదురు దగ్గర వేళ్లతో పట్టుకుని, కొసల నుంచి స్టీలు దువ్వెనతో విడదీయండి. కత్తెర మాత్రం పెట్టొద్దు. ఉండతో పాటు చర్మం కూడా పైకి లేచి ఉంటుంది, తెగిపోతుంది.

ప్రశ్న: మొదటిసారి ఏమేం చేయించాలండీ?

జవాబు: కళ్ల చుట్టూ జుట్టు, పాదాలు, గోళ్లు. అంతే, స్నానం కూడా వద్దు. పొద్దున్నే రద్దీ లేనప్పుడు వెళ్లి పక్కనే నిలబడండి. వేడిగాలి పెట్టెలో ఆరబెట్టొద్దని ముందే గట్టిగా చెప్పండి, చప్పిడి ముక్కు కుక్కలు వేడికి తట్టుకోలేవు. అత్తగారి మాటా కొట్టిపారేసేది కాదు, షిట్జూకి జుట్టు పొట్టిగా వేయించొచ్చు. చర్మం కనిపించేలా మాత్రం గొరిగించొద్దు, ఎండకి కములుతుంది.

ప్రశ్న: ఇవాళ డ్రయ్యర్ వంటింట్లో వేసి హాల్లో అన్నం పెట్టాను. ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ తినేసిందండీ! రేపు ఇంకాస్త దగ్గరికి తేనా?

జవాబు: రేపూ అక్కడే ఉంచండి. తలెత్తకుండా తిన్న రోజు జరపండి.