గుట్ట మీద సీడ్ బాల్స్ విసరడమా, మొక్కలు నాటడమా? జూన్‌లోపు తేల్చండి

గుట్టకింది యువత
జడ్చర్ల పక్కన మా ఊరి గుట్ట నలభై ఎకరాలుంటుంది. రెవెన్యూ భూమి, అడవిశాఖది కాదు. పంచాయతీ ఒప్పుకుంది. జూన్ 2న, రాష్ట్ర ఆవిర్భావం నాడు, 20,000 సీడ్ బాల్స్ (లోపల గింజ పెట్టిన మట్టి ఉండలు) విసిరే కార్యక్రమం పెట్టుకున్నాం. విత్తనాలు వేప, చింత, కానుగ, నల్లతుమ్మ, రేల. మూడు పాళ్ళ ఎర్రమట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి బడిపిల్లలతో చేయిస్తాం. చందా 15,000 రూపాయలు అనుకుంటున్నాం. మా సంఘంలోనే ఒకరు "ఇది ఫోటోల పండగ, ఈ పైసలతో 300 మొక్కలు నాటుకోవచ్చు" అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

నర్సరీమట్టి
ముందు తేదీ మార్చండి తమ్మీ, మిగతా వాదన తర్వాత చేద్దాం. మిరుగం కార్తె వచ్చేదే జూన్ 7, 8 తేదీల్లో. పాలమూరులో నేల తడిసే వాన పడేసరికి రెండో వారం దాటొచ్చు. జూన్ 2న విసిరిన ఉండ ఎర్రటి ఎండలో బండ మీద వారమైనా పడి ఉంటుంది. చీమలు, ఎలుకలు, ఉడతలు ఊరికే ఉండవు. మధ్యలో ఒక చిన్న జల్లు పడిందా, ఇంకా నష్టం. విత్తనం ఉబ్బి మొలక కళ్ళు తెరుస్తుంది, మర్నాడు ఎండకు మాడిపోతుంది.

రెండోది వేప. వేపగింజకు ఆయుష్షు వారాల్లోనే. ఈ ఏటి పండ్లు ఎక్కువగా జూన్‌లో రాలతాయి. జూన్ 2 కోసం మే నెలలో ఉండలు చేస్తున్నారంటే అందులో ఉన్నది నిరుటి గింజే అయి ఉండాలి. పగలగొట్టి చూడండి: లోపల పప్పు పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగుకు తిరిగితే పోయినట్టు. కానుగ, చింత, నల్లతుమ్మ, రేల నిలవకు ఆగుతాయి.

బండరాళ్ళ పాలమూరు
తేదీ సంగతి నిజమే. కానీ "మొక్కలు నాటండి" అనేవాళ్ళు నీళ్ళ లెక్క ఎందుకు చెప్పరు? 300 మొక్కలకు వారానికి పదేసి లీటర్లంటే 3,000 లీటర్లు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ప్రతి వారం. ట్యాంకర్ గుట్ట మొదట్లోనే ఆగిపోతుంది, పైకి బిందెలే గతి. పోసేదెవరు? 15,000లో గుంతల కూలి, కంప, మోత పోతే ట్యాంకర్‌కు ఏం మిగులుతుంది?

ఇంకోటి. పాలిథిన్ సంచిలో పెరిగిన మొక్క తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ట కోయకుండా నాటితే బండల సందుల్లోకి దిగలేదు. ఉన్నచోటే మొలిచిన విత్తనం వేరు నేరుగా లోపలికి పోతుంది. అందుకే గుట్టలకు విత్తనమే మేలంటాను. మన జిల్లా మహిళా సంఘాలు 2021లో రెండు కోట్లకు పైగా సీడ్ బాల్స్ చేసి గిన్నిస్ రికార్డు కొట్టాయి. అదంతా ఉత్తదేనా?

లెక్కలమాస్టర్
ఉత్తది కాదు. కానీ ఆ రికార్డు దేనికిచ్చారో చూడండి. ఉండలను పేర్చి రాసిన అతిపెద్ద వాక్యానికి. మొలిచిన చెట్లకు కాదు. చేసిన ఉండలు లెక్కపెట్టడం సులువు, రెండో ఏడు బతికున్న మొక్కల్ని లెక్కపెట్టడం కష్టం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్ళో నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత పంచాయతీ మీద ఉంది. విసిరిన ఉండకు అలాంటి జవాబుదారీ ఏదీ లేదు. ఇది సులువైన పని అనిపించడానికి సగం కారణం అదే.

గొర్లమంద
గుట్ట ఎవ్వరిదో కూడా అడుగుండ్రి అన్నా. రెవెన్యూ భూమి అంటే ఖాళీ భూమి కాదు. వానకాలం చెలకలల్ల పంట ఉంటది, అప్పుడు గొర్లు, మేకలు యాడికి పోవాలె? ఆ గుట్టకే పోతయి. మొలక లేసిందంటే మేక మూతి ముందుగాల దానిమీదనే. ఊరోళ్ళు పంచాయతీల తీర్మానం చేసుకుంటరు, మందోళ్ళను ఒక్కమాట అడగరు. రెండేండ్లు ఒక పక్క ఇడిసిపెట్టుమంటే ఇడిసిపెడ్తం, గనీ ఏ పక్కనో మాతోటి కూసొని అనుకోవాలె.

ఇంకో మాట. నల్లతుమ్మ కోసం ఉండలు చేసుడెందుకు? కాయలు మేక తింటది, గింజ పెంటికలల్ల బయటికొస్తది. ఆ గింజ మస్తు మొలుస్తది. మంద రాత్రి పడుకున్న జాగల చూడుండ్రి, తుమ్మ మొలకలు తీసేసుడే పని.

నర్సరీమట్టి
గొర్లమంద అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తుమ్మగింజ తోలు గట్టిది. మేక కడుపులో అది మెత్తబడుతుంది. నర్సరీలవాళ్ళు మేకల దొడ్డి ఊడ్చి గింజలు ఏరుకుంటారు. అవి దొరక్కపోతే నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించాక గింజలు వేసి, రాత్రంతా చల్లారనివ్వాలి. రేలగింజకు అది కూడా సరిపోదు. మొలక వచ్చే కొనను వదిలి, రెండో కొనను గరుకు బండ మీద రుద్ది పైపొర తీయాలి. రుద్దకుండా ఉండలో పెడితే ఆ ఏడు లేవడం అనుమానమే.

మేకలు ముట్టనివే కావాలంటే కానుగ, సీతాఫలం. బాలానగర్ సీతాఫలం పుట్టిన గడ్డ మనది, గుట్టల మీద బండల మధ్య తనంతట తానే పెరుగుతుంది. మీ జాబితాలో అది లేకపోవడమే వింత. గింజ మొలవడానికి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, కాబట్టి మొదటి తడికే వేయాలి. సుబాబుల్, సర్కారు తుమ్మ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

బండరాళ్ళ పాలమూరు
సరే, ఉండల తయారీకి వద్దాం. ఎక్కువమంది చెడగొట్టేది అక్కడే. నల్లరేగడి వాడితే ఎండాక గట్టిపడి పగుళ్ళిస్తుంది. ఒట్టి ఇసుకపాటి చెలకమట్టి వాడితే విసరగానే పొడి అవుతుంది. జల్లెడ పట్టిన ఎర్రమట్టికి కొంచెం చెరువుమట్టి కలపండి. నీళ్ళు చపాతీపిండికి పోసినట్టు కొంచెం కొంచెంగా పోయాలి. చిన్న నిమ్మకాయంత ఉండ, గింజలు ఒకటో రెండో. నీడలో ఒకటి రెండు రోజులు ఆరాలి, ఎండలో పెట్టొద్దు.

పరీక్ష రెండు రకాలు. నడుమెత్తు నుంచి వదిలితే పగలకూడదు. పళ్ళెం నీళ్ళలో వేస్తే గంటలోపు విడిపోవాలి. విడిపోలేదంటే మట్టి ఎక్కువైంది, ఎరువు పెంచండి. ఆరిన ఉండలు బస్తాల్లో కుక్కి ముఖ్య అతిథి తేదీ కోసం ఆపితే లోపలి చెమ్మకు బూజు పడతాయి, కొన్ని బస్తాలోనే మొలిచి చస్తాయి.

లెక్కలమాస్టర్
ఉండ 35 గ్రాములనుకున్నా 20,000 ఉండలంటే 700 కిలోలు. అదంతా ఎక్కడో ఒకచోట పైమట్టి తవ్వి, గుట్టెక్కించి, బండల మీద పారబోయడం. ఉండలో ఉన్న ఎరువు చిటికెడు, అది మొక్కను పెంచదు. గింజను చీమల నుంచి కొన్నాళ్ళు దాచడమే ఉండ చేసే పని. ప్రకృతి సేద్యం నేర్పిన జపాన్ రైతు ఫుకువోకా వీటిని వాడింది వరిపొలంలో, తనే రోజూ తిరిగే మడిలో. వాలుగుట్ట మీద విసిరితే ఉండ దొర్లి వాగులో పడుతుంది. అదే గింజను గడ్డపారతో పొడిచి పెడితే ఉండ అవసరమే లేదు కదా?

నర్సరీమట్టి
అదే నా మాట కూడా. ఆరుద్ర కార్తెలో, జూన్ 22 తర్వాత, జానెడు లోతు తడి దిగాక వెళ్ళండి. ఇద్దరు ఒక జట్టు. ఒకరు గడ్డపారతో గడ్డి పెళ్ళగించి మట్టి గుల్ల చేస్తారు, ఇంకొకరు గింజ మందానికి రెండు మూడింతల లోతులో రెండో మూడో గింజలు పెట్టి పాదంతో అదుముతారు. పల్లం వైపు రాళ్ళతో అర్ధచంద్రాకారపు కట్ట, పైన రెండు కంపకొమ్మలు. బండ పక్కన, పొద చాటున పెట్టినవాటికి నీడ, తడి రెండూ దొరుకుతాయి. జూలైలో రెండు వారాలు వాన ముఖం చాటేస్తే బహిరంగంగా ఉన్నవే ముందు పోతాయి.

గుట్టకింది యువత
పిల్లల్ని ఏం చేద్దాం సార్? వాళ్ళు ఉండలు చేయడానికే ఉత్సాహంగా ఉన్నారు. గడ్డపార ఇవ్వలేం. పైగా వేసవి సెలవులు జూన్ 11 దాకా ఉన్నాయి.

బండరాళ్ళ పాలమూరు
బడి తెరిచాక చేయించండి. 20,000 వద్దు, 2,000 చాలు. ఆ వారమే పడిన వేపపండ్ల గుజ్జు కడిగి తీసిన గింజలతో కొన్ని, కానుగతో కొన్ని. వాటిని విసరొద్దు, పొదల మొదట్లో చేత్తో పెట్టించండి. వాలు తక్కువున్న పక్కకే తీసుకెళ్ళండి. విసరడంలో ఉన్న సంబరం పోతుందంటారా, పోనీ.

లెక్కలమాస్టర్
2,000 అయినా నాకు అనుమానమే, పక్కనే గింజ పొడిచిన వరసలు పెట్టి పోల్చుకుంటే తప్ప ఒప్పుకోను. పది మీటర్లకు పది మీటర్ల గడులు ఆరు గుర్తుపెట్టండి, మూడింట్లో ఉండలు, మూడింట్లో పొడిచిన గింజలు. ఒక్కో గడిలో ఒకే రకం, ఒకే సంఖ్యలో గింజలు. మూల రాళ్ళకు సున్నం కొట్టండి, ఫోన్‌లో లొకేషన్ దాచుకోండి. అక్టోబర్‌లో ఒకసారి లెక్క, వచ్చే జూన్‌లో ఇంకోసారి. మొదటి లెక్క మొలిచిందెంతో చెబుతుంది, రెండోది ఎండాకాలం, మేకలు, మంటలు దాటి మిగిలిందెంతో. ఈ పేజీలో జూన్ లెక్కే పెట్టండి.

గొర్లమంద
మంటల సంగతి యాదికొచ్చింది. మాఘం దాటితే ఆ గుట్ట గడ్డి ఎండి ఇట్టె అంటుకుంటది. సంక్రాంతి అయినంక మూడు మీటర్ల ఎడల్పు గడ్డి చుట్టూ కోసి తియ్యాలె. చందా పైసలు దానికి పెట్టుండ్రి, ఫ్లెక్సీకి కాదు. ఉత్తరం పక్క పదెకరాలు మేం ఇడిసిపెడ్తం, దక్షిణం పక్క నీళ్ళ గుంతకు పోయే బాట మాత్రం మూయొద్దు.

గుట్టకింది యువత
జూన్ 2 రద్దు. ఉత్తరం పదెకరాలకే కుదించాం. మంద అన్నవాళ్ళతో ఆదివారం పొద్దున పంచాయతీ దగ్గర కూర్చుంటాం. సీతాఫలం గింజలు నిరుటివి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, రెండు కిలోలు కావాలి. గడ్డపారలు పది ఉన్నాయి, ఇంకో పది కావాలి.