శాన్‌ఫ్రాన్సిస్కో టికి బార్లు, పాత లౌంజ్‌లు: ఒక్క శనివారంలో ఏవేవి చూడొచ్చు?

ఫ్రీమాంట్‌వాసి
మా బావమరిది, వాళ్ళావిడ హైదరాబాద్ నుంచి వస్తున్నారు. అతనికి రమ్ అంటే ప్రాణం, పాత కట్టడాలన్నా అంతే. సిటీలో టికి బార్లు (పసిఫిక్ దీవుల అలంకరణతో, రమ్ కాక్‌టెయిల్స్ ఇచ్చేవి), పాతకాలపు కాక్‌టెయిల్ లౌంజ్‌లు తిప్పి చూపిద్దామని ఉంది. ఏ వరసలో వెళ్తే బాగుంటుంది? కారా, బార్ట్ రైలా? ఆవిడ తాగదు, పైగా శాకాహారి. ఆవిడకి ఎక్కడ ఏం దొరుకుతుంది?

గోదారిగట్టు
ముందు టోంగా రూమ్. ఇంకో మాట లేదు. ఫెయిర్‌మాంట్ హోటల్ కింది అంతస్తులో 1929లో కట్టిన ఈతకొలను అది. 1945లో దాని చుట్టూ బల్లలేసి బార్ చేశారు. కొలనులో నీళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, బ్యాండ్ వాళ్ళు పడవ మీద తేలుతూ పాడతారు. ఉండుండి ఉరుము ఉరిమి, కొలను మీద వాన కురుస్తుంది. మా నాన్నగారు గ్లాసు పక్కన పెట్టేసి రెండు చేతులూ రెయిలింగ్ మీద ఆనించి ఆ వాన చూస్తూ ఉండిపోయారు. 2009 ప్రాంతంలో హోటల్‌లో కాండోలు, అంటే అమ్మకానికి ఫ్లాట్లు, కడతామని దీన్ని తీసేయబోతే ఊరంతా అడ్డం పడింది. అలా మిగిలింది మనకి.

చెరకుతోట
టోంగా రూమ్ చూడ్డానికే, తాగడానికి కాదు. గౌ స్ట్రీట్‌లో స్మగ్లర్స్ కోవ్‌కి వెళ్ళండి. 2009లో మార్టిన్ కేట్ పెట్టాడు. వందల రకాల రమ్‌లు ఉంటాయి. చిన్న జాగా, తలుపు తీసే వేళకే వరసలో నిలబడాలి. అక్కడ మై టై తాగండి. 1944లో ఓక్లాండ్‌లో విక్టర్ బెర్జెరాన్, అదే ట్రేడర్ విక్, చేసినట్టే చేస్తారు. రమ్, నిమ్మరసం, ఆరెంజ్ కురసావ్ (నారింజ లిక్కర్), బాదం సిరప్, కాస్త పంచదార పాకం. పైన పిండేసిన నిమ్మడిప్ప, పక్కన పుదీనా రెమ్మ. పైనాపిల్ రసం పోసే బార్ గడప తొక్కించకండి ఆ అబ్బాయితో.

అలలమీద
అదేం మాటండీ? నేను హోనలూలులో ఏళ్ళ తరబడి ఉన్నాను. పైనాపిల్ రసం, పైన నల్ల రమ్ తేలుతూ ఉంటేనే అక్కడ మై టై. లక్షల మంది తాగేది తప్పెలా అవుతుంది?

చెరకుతోట
1953లో రాయల్ హవాయియన్ హోటల్‌కి ఆ డ్రింక్ పట్టుకెళ్ళింది కూడా విక్కే. పైనాపిల్ అక్కడ కలిసింది. మొదటి మై టైకి వాడింది పదిహేడేళ్ళ జమైకా రమ్, జె. వ్రే అండ్ నెఫ్యూ. అంత రమ్‌ని పైనాపిల్ రసంలో ముంచడం అన్యాయం. మా ఇంట్లో గోడ నిండా రమ్ సీసాలే, ఊరికే చెప్పట్లేదు.

అలలమీద
మీ గోడ మీకు గొప్ప. విక్ చేత్తో వెళ్ళి, విక్ బతికుండగానే మారిందంటే అదీ విక్ మై టైయే. గ్రాంట్ అవెన్యూలో లీ పో ఉంది, 1937 నుంచి. వాళ్ళ చైనీస్ మై టైలో పైనాపిల్ రసమే కాదు, చైనా మద్యం కూడా పడుతుంది. జనం దానికోసమే వెళ్తారు. వాళ్ళందరికీ నాలుక లేదా?

గాజుగ్లాసు
ఇద్దరూ డాన్‌ని మర్చిపోయారు. హాలీవుడ్‌లో టికి బార్లకి ఆద్యుడు డాన్ ద బీచ్‌కోంబర్ లేకపోతే విక్ ఎక్కడ? మై టై తన క్యూ.బి. కూలర్ అనే డ్రింక్ నుంచే వచ్చిందని డాన్ అన్నాడు కూడా. 1934లో జాంబీ అనే ఘాటైన రమ్ డ్రింక్ చేసి, మనిషికి రెండే అని కట్టడి పెట్టాడు. పనివాళ్ళు రెసిపీ ఎత్తుకుపోకుండా సీసాల మీద పేర్లు తీసేసి అంకెలు వేసేవాడు. టికి డ్రింకుల చరిత్ర రాసే జెఫ్ బెర్రీ పాత బార్‌మెన్‌ల నోట్‌బుక్‌లు తిరగేసి ఆ గుట్టు విప్పేదాకా అసలు జాంబీ ఎవరికీ తెలియదు.

చెరకుతోట
మై టైకీ క్యూ.బి. కూలర్‌కీ రుచిలో పోలికే లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని తాగి చూసి అప్పుడు మాట్లాడండి.

కొండపల్లిబొమ్మ
ఆ చెక్క విగ్రహాలు చూస్తే నాకు మనసొప్పదు. పాలినేషియా వాళ్ళ దేవతల రూపాలు అవి. మన వినాయకుణ్ణి మగ్గులా చేసి అందులో రమ్ పోసిస్తే ఊరుకుంటామా? ఈమధ్య కొన్ని బార్లు విగ్రహాలు తీసేసి, పూలూ వెదురూ ఉంచుకుంటున్నాయి. అలాంటివి వెతుక్కుని వెళ్ళండి.

చివరిరైలు
కారు అస్సలు వద్దు. ఈ డ్రింకుల్లో రెండు మూడు రమ్‌లు ఉంటాయి, తియ్యదనంలో తెలియదు. రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం హద్దు దాటడం క్షణంలో పని. డీయూఐ, అంటే తాగి నడిపిన కేసు, పడితే వీసా స్టాంపింగ్‌లో ఎంత నరకమో మా రూమ్మేట్‌ని చూశాను. బార్ట్‌లో ఎంబార్కడెరో దిగి కాలిఫోర్నియా స్ట్రీట్ కేబుల్ కార్ ఎక్కితే ఫెయిర్‌మాంట్ ముందే దిగుతారు. అర్ధరాత్రి దాటితే బార్ట్ ఉండదు. బాగా రాత్రయితే ఫ్రీమాంట్‌కి మధ్యలో రైలు మారాలి.

గోదారిగట్టు
ఫెయిర్‌మాంట్ ఎదురుగానే మార్క్ హాప్కిన్స్ హోటల్. పందొమ్మిదో అంతస్తులో టాప్ ఆఫ్ ద మార్క్, 1939 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలెక్కే కుర్రాళ్ళు ఆఖరి గ్లాసు అక్కడే తాగేవాళ్ళు. భార్యలు వాయవ్యం మూల కిటికీ దగ్గర నిలబడి, ఓడ గోల్డెన్ గేట్ వంతెన దాటేదాకా చూసేవాళ్ళట. పొద్దుగుంకే వేళకి ఆ మూల బల్ల దొరికితే వదలకండి.

మల్లెచెండు
మీ మై టై గొడవలో అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. అందులో పడేది బాదం సిరప్! మా చెల్లికి బాదం పడదు. ఒక బార్‌లో “పప్పులు లేవు కదా” అని అడిగితే లేవన్నారు. రెండు గుక్కలకి పెదాలు వాచి, ఎమర్జెన్సీకి పరుగెత్తాం. “ఆర్జా” అని మెనూలో కనిపిస్తే అది బాదమే. పేరు పెట్టి అడగండి.

అలలమీద
అయ్యో, ఇప్పుడెలా ఉన్నారు? ఇది అందరికీ తెలియాలి.

చెరకుతోట
ఫాలెర్నమ్‌ అనే లవంగం, అల్లం సిరప్ గురించి కూడా అడగాలి, కొందరు దాన్లోనూ బాదం వేస్తారు.

అనకాపల్లిబెల్లం
బావమరిదికి మార్టినిక్ రమ్ అగ్రికోల్ ఒక్కటి విడిగా పోయించండి. మామూలు రమ్ మొలాసిస్‌తో (పంచదార తీశాక మిగిలే మడ్డితో), ఇది నేరుగా చెరకు రసంతో. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే మా ఊళ్ళో గానుగ ఆడేటప్పటి పచ్చి చెరకు వాసనే. కాక్‌టెయిల్‌లో కలిపితే ఆ వాసన పోతుంది.

గాజుగ్లాసు
టి పంచ్‌లో పోదు. అగ్రికోల్, నిమ్మచెక్క, చెరకు సిరప్, అంతే.

ఫ్రీమాంట్‌వాసి
అందరికీ థాంక్స్. కానీ తాగని ఆవిడ సంగతి ఎవరూ చెప్పలేదు.

మల్లెచెండు
బాదం పడుతుందా ఆవిడకి? పడితే ఆర్జా, నిమ్మరసం, సోడా కలిపి ఇమ్మనండి, చేసిస్తారు. స్మగ్లర్స్ కోవ్‌లో తిండి ఉండదు, ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకండి.

చెరకుతోట
మూడు గంటలకల్లా తినేసి నేరుగా అక్కడికే వెళ్ళండి. టోంగా రూమ్ ఆ తర్వాతే.

గోదారిగట్టు
తర్వాత కాదు, ముందే! బ్యాండ్ మొదలయ్యాక కవర్ చార్జీ, అంటే మనిషికింత ప్రవేశ రుసుము, వేస్తారు.